ఒకటిన్నర అర్రల ఇంట్లో హోం ఐసోలేషన్

నేను చదివిన కరోనా అనుభవాలు చాలావరకు మేడ మీది గదిలోంచి రాసినవి. తలుపు దగ్గర పళ్లెం పెట్టిపోయే భార్య, ఫోన్లో ధైర్యం చెప్పే డాక్టరు, కిటికీలోంచి కనబడే చెట్టు, పద్నాలుగు రోజులయ్యాక జీవితం మీద కలిగిన కొత్త ప్రేమ. ఇవన్నీ నిజమే. కాకపోతే ఆ కథ నడవాలంటే ముందు ఒక గది కావాలి. గది లేనివాళ్లకు ఇదే రోగం వస్తే ఏమైంది, వాళ్లు ఎట్లా కోలుకున్నారు, ఎవరు కోలుకోలేదు అన్నది మనం రాసుకోకపోతే ఎవరూ రాయరు. అందుకని మా ఇంటి సంగతి రాస్తున్నాను. ఆ రోగం గురించి, సర్కారు నిబంధనల గురించి తర్వాత తెలుసుకున్నవి కూడా మధ్యమధ్య చెప్తాను. ఆ రోజే తెలిసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపించే సంగతులవి.

నేను సర్కారు బడి పంతులును. సిద్దిపేటలో కిరాయికి ఉండేవాణ్ణి. పట్నానికి దగ్గర్లోనే మా ఊరు, ఊరి చివర మాదిగవాడ. 2021 మార్చి 24 నుంచి రోగం భయంతో బడులు మూసేశారు. ఏప్రిల్ 20 నుంచి రాత్రి కర్ఫ్యూ పెట్టారు. అయినా ఏప్రిల్ 30న సిద్దిపేట మున్సిపాలిటీకి ఎన్నికలు జరిపారు. వరంగల్, ఖమ్మం కార్పొరేషన్లకూ, ఇంకో నాలుగు మున్సిపాలిటీలకూ అదే రోజు. పోలింగ్ జరిగింది బడుల్లోనే. పిల్లలొస్తే అంటే రోగం ఓటర్లొస్తే అంటదని ఎవరు తేల్చారో తెలియదు. నాకు డ్యూటీ పడింది. పొద్దుగాల నుంచి పొద్దుమూకే దాకా ఒక గదిలో కూర్చున్నాం. మే 3 సాయంత్రం సలిజరం మొదలైంది. 5వ తారీఖు పరీక్ష చేయించుకుంటే పాజిటివ్ అన్నారు.

ఆ మధ్యాహ్నమే ఇంటి ఓనరు గేటు బయట నిలబడి, ముక్కుకు తువాల అడ్డం పెట్టుకుని, చాలా మర్యాదగా చెప్పాడు: "సారూ, ఏమనుకోకుండ్రి. ఇంట్ల చిన్నపిల్లలున్నరు. మీ ఊరికి పోతే మీ అమ్మ మంచిగ చూసుకుంటది గదా." ఇదే మనిషి మూడేళ్ల కింద ఇల్లిచ్చేటప్పుడు మీరేమిట్లు అని అడిగి, చెప్పినాక కాసేపు ఊరుకొని, "పెద్దకూర మాత్రం వండొద్దు సారూ" అని తాళంచెవి ఇచ్చాడు. అందుకే ఆ రోజు ఆయన మాట నాకు పెద్ద వింతగా అనిపించలేదు. కారణం మారింది గానీ గేటు పాతదే.

ఇక్కడ అంటు గురించి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి. అంటువ్యాధి, అంటరానితనం రెండూ ఒక్క ధాతువులోంచి వచ్చిన మాటలు. రోగం రాగానే ఈ సమాజం తన దగ్గర తయారుగా ఉన్న జ్ఞానాన్నే బయటికి తీసింది. ముట్టుకోవద్దు, గిన్నె వేరు పెట్టు, దూరం నుంచి డబ్బులు పడెయ్యి, నీళ్లు చల్లి తీసుకో. రేషన్ దుకాణాల ముందర సున్నంతో గీతలు గీసి "సామాజిక దూరం పాటించండి" అని బోర్డులు పెట్టారు. ఆ మాట బాగాలేదని 2020 మార్చిలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ "భౌతిక దూరం" అనడం మొదలుపెట్టింది. మనుషులు శరీరాలతో దూరంగా ఉండాలి గానీ సంబంధాలు తెంచుకోవద్దని దాని ఉద్దేశం. మన దేశంలో మాత్రం పాత మాటే నిలబడిపోయింది. వేల ఏండ్ల నుంచి అలవాటున్న పని కదా.

తీరా చూస్తే ఈ వైరస్ ప్రధానంగా ముట్టుకుంటే వచ్చేది కాదు. మాట్లాడినప్పుడు, దగ్గినప్పుడు, ఊపిరి విడిచినప్పుడు గాలిలోకి వచ్చే సన్నటి తుంపరలతో వచ్చేది. గాలి ఆడని గదిలో అవి గంటల తరబడి తేలుతుంటాయి. వైరస్ పడిన వస్తువును ఒకసారి ముట్టుకుంటే రోగం వచ్చే అవకాశం పదివేలల్లో ఒక వంతు కన్నా తక్కువని అమెరికాలోని సీడీసీ 2021 ఏప్రిల్‌లో చెప్పింది. వీధుల్లో మందు కొట్టడం వల్ల లాభం లేదని, మనుషుల మీద కొట్టడం హానికరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే చెప్పింది. అయినా పంచాయతీ సఫాయి కార్మికులు, అంటే మనవాళ్లే, వీపుకు పంపు కట్టుకొని సరైన మాస్కు కూడా లేకుండా వీధి వీధికీ హైపోక్లోరైట్ కొడుతూనే ఉన్నారు. ఈ రోగాన్ని ఆపేవి విశాలమైన జాగ, తెరిచిన కిటికీ, మంచి మాస్కు, కూలి పోకుండా ఇంట్లో ఉండగలిగే వెసులుబాటు. కులం మనకు అంటును ఇచ్చింది గానీ జాగ ఇవ్వలేదు. రోగం వచ్చినప్పుడు పనికొచ్చేది మన దగ్గర లేదు, పనికిరానిది ఊరంతా పాటించింది.

ఇక మా ఇల్లు. ముందర ఒక అర్ర, వెనక దాంట్లో సగం వంట జాగ, దాన్నే సగం అర్ర అంటాం. కిటికీ ఒక్కటి. పక్క గోడ చిన్నాయనది, ఇద్దరికీ ఒకటే వాకిలి, ఒకటే బోరు నల్లా. తానం జాగకు తలుపు లేదు, చీర అడ్డం. నాకిచ్చిన కాగితంలో రోగి గాలి, వెలుతురు ఉన్న వేరే గదిలో ఉండాలని, వేరే మరుగుదొడ్డి వాడితే మంచిదని ఉంది. 2011 జనగణన లెక్కల్లోనే ఈ దేశంలో 37 శాతం కుటుంబాలకు ఉన్నది ఒక్క గది. ఆ కాగితం రాసినవాళ్ల దగ్గర ఈ లెక్క లేదనుకోలేం. నల్గొండ జిల్లా కొత్తనందికొండ తండాలో ఒక గిరిజన విద్యార్థి అదే మే నెలలో చెట్టు మీద మంచె కట్టుకొని పదకొండు రోజులు ఉన్నాడు. పత్రికలు దాన్ని వింతగా రాశాయి. సర్కారు కాగితాన్ని అక్షరం తప్పకుండా పాటించాలంటే గది లేనివాడు చెట్టు ఎక్కాల్సిందే కదా, ఇందులో వింత ఏముంది?

అమ్మ అర్ర మధ్యలో చీర కట్టింది. చీరకు అటువైపు నేను, ఇటువైపు అమ్మ. చీర కంటికి అడ్డం గానీ గాలికి అడ్డం కాదు. మూడో రోజుకు నాకు వాసన పోయింది. ఉల్లిగడ్డ కోసి ముక్కు దగ్గర పెట్టుకుంటే మట్టిగడ్డ లెక్కనే ఉంది. రాత్రిళ్లు దగ్గు వస్తే మూతికి దుప్పటి కుక్కుకునేవాణ్ణి. రోగం అంటుతుందనే భయం కన్నా గోడ అవతల వాళ్లకు నిద్ర పాడైతదనే సిగ్గు ఎక్కువుండేది. అయిదో రోజు అమ్మకు జరం వచ్చింది. ఆరో రోజు చిన్నాయనకు.

చిన్నాయన గురించి చెప్పాలి. లాక్‌డౌన్ వచ్చినప్పుడల్లా పంచాయతీ వాళ్లు ఆయన్నే పిలిచి డప్పు చాటింపు వేయించేవాళ్లు. "ఎవ్వరూ ఇల్లిడిచి బయటికి రావొద్దహో" అని చెప్పేటందుకు ఆయన ఇల్లిడిచి ఊరంతా తిరిగేవాడు. యాసంగి వడ్లు వచ్చే కాలం అది. పొద్దంతా కొనుగోలు కేంద్రంలో హమాలీ పని. పదిమంది ఒక లారీ మీద, ఒకరి ఊపిరి ఒకరి మొహం మీద. మే 12 నుంచి రాష్ట్రమంతా లాక్‌డౌన్ పెట్టినా వడ్ల కొనుగోలు ఆగలేదు. ఆగొద్దు కూడా, రైతు ఏం కావాలి? కాని బస్తా మోసేవాడికి ఒక మంచి మాస్కు, ఒక పరీక్ష, జరం వస్తే రెండు వారాల కూలి ఇవ్వాలని ఎవరికీ తట్టలేదు. ఆయన జరంతోనే రెండు రోజులు పనికి పోయాడు.

ఆశా కార్యకర్త ఇంటింటి జ్వర సర్వేలో వచ్చి గోళీల కిట్టు ఇచ్చిపోయింది. పరీక్షకు రమ్మంటే చిన్నాయన ఒప్పుకోలేదు. "పాజిటివ్ అంటే కేంద్రంల అడుగు పెట్టనియ్యరు బిడ్డా. హైదరాబాదుకు తోలితే శవం గూడ సూడనియ్యరట." ఈ మాటను మూఢత్వం అని కొట్టిపారేయడం చదువుకున్నవాళ్లకు సులువు. పరీక్ష వల్ల ఆయనకు వచ్చే నష్టం కండ్ల ముందుంది, లాభం ఏందో ఎవరూ చెప్పలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ రెండుసార్లు గ్లూకోజు ఎక్కించాడు.

వాడ పోరగాళ్లు చందా వేసుకొని ఒక పల్స్ ఆక్సీమీటరు కొన్నారు. వాడకంతటికీ అదొక్కటే. డిగ్రీ చదివే పిల్లలిద్దరు మాస్కులు కట్టుకొని రోజుకు రెండుసార్లు ఇల్లిల్లూ తిరిగి నోటుబుక్కులో అంకెలు రాసుకునేవాళ్లు. ఆ నోటుబుక్కు నేను చూశాను. మా ఊళ్లో ఆ నెల జరిగిన ప్రజారోగ్యం అంటూ ఏదైనా ఉంటే అదే. చిన్నాయనకు మే 16 పొద్దున 86 చూపించింది. 94 కన్నా తగ్గితే డాక్టరు దగ్గరికి పోవాలి. ఆయన మాత్రం అరుగు మీద కూర్చొని బీడీ లేదని విసుక్కుంటున్నాడు. ఈ రోగంలో మోసం అదే. ఊపిరితిత్తుల్లో నీరు నిండుతున్నా, రక్తంలో ఆక్సిజన్ పడిపోతున్నా మనిషికి ఆయాసం తెలియకపోవచ్చు. ఇంకొక సంగతి ఉంది. ఆ మిషన్ వెలుతురును చర్మంలోంచి పంపి లెక్క కడుతుంది. చర్మం నల్లగా ఉంటే ఉన్నదాని కన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉంది. తక్కువ ఆక్సిజన్‌ను అది పట్టుకోలేకపోవడం తెల్లవాళ్ల కన్నా నల్లవాళ్లలో దాదాపు మూడింతలు జరుగుతున్నదని అమెరికాలో 2020 డిసెంబరులో అచ్చయిన పరిశీలన తేల్చింది. ఎండలో బస్తాలు మోసిన చిన్నాయన వేలు మీద 86 అంటే అసలు ఎంతో?

ఆటోలో ముగ్గురు పోరగాళ్లు తీసుకపోయారు. మొదటి దవాఖానలో ఆక్సిజన్ పడక ఖాళీ లేదన్నారు. రెండోది ప్రైవేటు. లక్ష కట్టి చేర్చుమన్నారు. ప్రైవేటు దవాఖానల్లో మామూలు వార్డుకు రోజుకు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటరుతో 9,000 కన్నా ఎక్కువ తీసుకోవద్దని రాష్ట్ర ప్రభుత్వం 2020 జూన్‌లోనే ధరలు పెట్టింది. ఆ సంగతి నాకూ తెలియదు. తెలిసినా చీర వెనక పడుకొని ఫోన్లో ఎవరితో కొట్లాడాలి? రెమ్డెసివిర్ కూడా తెచ్చుకోవాలన్నారు. ఆ ఇంజెక్షన్ ప్రాణం నిలబెడుతుందనే రుజువు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులో చెప్పింది. అయినా ఆ ఎండాకాలం దానికోసం జనం పుస్తెలు అమ్ముకున్నారు. ఆక్సిజన్ అవసరమైన రోగుల్లో చావులు తగ్గిస్తుందని 2020లోనే తేలిన మందు డెక్సామెథసోన్. కొన్ని రూపాయల గోళీ. ఆక్సిజనూ, ఆ గోళీ కలిసి సమయానికి దొరికితే చిన్నాయన బతికేవాడా అని నన్ను నేను చాలాసార్లు అడుగుకున్నాను. ఆ రాత్రి ఇంటికే తెచ్చారు. 18 తెల్లవారుజామున పోయాడు.

ఊళ్లో చావుకు డప్పు కొట్టే మనిషి చావుకు డప్పు లేదు. ట్రాక్టరు అడిగితే ముగ్గురు లేదన్నారు. ఆక్సీమీటరు పట్టుకొని తిరిగిన పోరగాళ్లే రిక్షా బండి మీద తీసుకపోయి బొంద తవ్వి పెట్టారు. చనిపోయిన మనిషి శరీరం నుంచి రోగం వచ్చినట్టు రుజువు లేదని మొదటి నెలల్లోనే చెప్పారు, కానీ ఆ మాట మా ఊరి దాకా రాలేదు. 1897లో ప్లేగు వచ్చినప్పుడు తెల్లదొరలు చేసిన అంటువ్యాధుల చట్టమే 2020లో మన మీద అమలైంది. చట్టాన్ని నూటా ఇరవై మూడేండ్లు దాచిపెట్టుకున్నవాళ్లు అదే ఏడు, అదే ప్లేగులో సావిత్రీబాయి ఫూలే చేసిన పనిని మాత్రం గుర్తుపెట్టుకోలేదు. ఆమె పూనా దగ్గర ముండ్వాలోని మహర్‌వాడ నుంచి రోగమొచ్చిన పిల్లవాణ్ణి భుజాన వేసుకొని కొడుకు దవాఖానకు తీసుకపోయింది. ఆ రోగంతోనే మార్చి 10న చనిపోయింది. రిక్షా బండి తోసిన పిల్లలు ఆమె పేరు విన్నారో లేదో గానీ వాళ్లు చేసింది ఆ పనే.

మేం కోలుకున్నాం. ఎట్లా అంటే, ఒక ఇంటి నుంచి గంజి, ఒక ఇంటి నుంచి కోడిగుడ్లు, బోరింగు దగ్గర మా వంతు నీళ్లు పక్కింటోళ్లు పట్టి గడపలో పెట్టడం వల్ల. వాళ్ల ఇండ్లల్లోనూ జరాలే. జరం తగ్గినోళ్లు జరం ఉన్నోళ్లకు చేశారు. కాని కోలుకోవడం అనే మాట కూడా అందరికీ ఒకటి కాదు. నాకు నెల జీతం ఆగలేదు. రెండు నెలలు మెట్లు ఎక్కితే గుండె దడ, చదివింది గుర్తుండకపోవడం ఉండేవి, మెల్లగా పోయాయి. మా చెల్లె, అంటే చిన్నాయన బిడ్డ, పదిహేనో రోజే ఉపాధి పనికి పోయింది. అప్పుడు కూలి రోజుకు 245 రూపాయలు, కాని అది మట్టి కొలతను బట్టి. తట్ట ఎత్తితే కండ్లు తిరిగి కూలబడేది. కొలత తగ్గింది, కూలి తగ్గింది, జట్టులో వాళ్లు నీవల్ల మాకూ తగ్గుతున్నదని సణిగారు. రోగం తగ్గినా నెలల తరబడి నీరసం, ఆయాసం ఉండటాన్ని ఒక జబ్బుగా గుర్తించి 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ఇచ్చింది. మేస్త్రీ పుస్తకంలో దాని పేరు బద్ధకం.

చనిపోయినవాళ్ల కుటుంబాలకు 50,000 రూపాయలు ఇవ్వాలన్న నిబంధనలకు సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 4న ఆమోదం తెలిపింది. మంచి తీర్పే. పరీక్షలో పాజిటివ్ వచ్చి ఉండాలి, లేదా దవాఖానలో డాక్టరు కరోనా అని తేల్చి ఉండాలి. అనుమానముంటే జిల్లా కమిటీకి పెట్టుకోవచ్చు. మా దగ్గర ఉన్నవి ఆర్‌ఎంపీ రాసిచ్చిన చీటీ, వాడ పిల్లల నోటుబుక్కు. అవి పట్టుకొని రెండుసార్లు తిరిగి ఊరుకున్నాం. 2020, 21 రెండేండ్లలో ఈ దేశంలో మామూలుగా చనిపోయేవాళ్ల కన్నా 47 లక్షల మంది ఎక్కువ చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది. సర్కారు లెక్క అయిదు లక్షలు కూడా లేదు. లెక్క కట్టిన పద్ధతే తప్పని కేంద్రం ఒప్పుకోలేదు. ఏ పద్ధతి సరైందో పండితులు తేల్చుకోవాలి. చిన్నాయన మాత్రం సర్కారు లెక్కలో లేడు.

2022 ఆగస్టులో కొత్త ఆసరా పింఛన్లు ఇచ్చినప్పుడు చిన్నమ్మకు వితంతు పింఛను వచ్చింది, నెలకు 2,016 రూపాయలు. దరఖాస్తు నేనే రాసిన. రాస్తుంటే పక్కన కూర్చొని అడిగింది: "కరోనాతోటి పోయిండని రాస్తున్నవా కొడుకా?" రాయలేదని చెప్పిన. ఊకుంది. చిన్నాయనకు రోగం వడ్ల కేంద్రంలో అంటిందా, నా దగ్గు నుంచి అంటిందా ఏ డాక్టరూ చెప్పలేడు. చిన్నమ్మ ఆ మాట నన్ను ఇప్పటిదాకా అడగలేదు.