స్లీప్ ఆప్నియా చికిత్స: ముఖానికి నప్పే మాస్కే కీలకం

గురకను గాఢనిద్రకు గుర్తుగా భావించేవారు నేటికీ అనేకులున్నారు. అయితే గురక మధ్యలో హఠాత్తుగా నిశ్శబ్దం ఆవరించి, కొద్దిసేపటికి ఉలిక్కిపడినట్లుగా ఊపిరి అందుతుంటే అది అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా కావచ్చు. నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోవడం వల్ల ఈ రుగ్మత కలుగుతుంది. కనీసం 10 సెకన్ల పాటు శ్వాస ఆగడం లేదా బాగా తగ్గడాన్ని వైద్యులు లెక్కలోకి తీసుకుంటారు. పెద్దవారిలో ఇటువంటి అంతరాయాలు గంటకు 5 నుంచి 15 లోపు ఉంటే స్వల్పమని, 15 నుంచి 30 లోపు మధ్యస్థమని, 30 గానీ అంతకు మించి గానీ ఉంటే తీవ్రమని పరిగణిస్తారు. చికిత్స లేకపోతే రక్తపోటు పెరుగుతుంది. పగటి వేళ కునికిపాట్ల వల్ల వాహనచోదకులకు ప్రమాదం పొంచి ఉంటుంది.

‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ చిత్రాలతో తెలుగువారికి సుపరిచితుడైన సంగీత దర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబయిలో కన్నుమూశారు. ఆయన మరణానికి ఈ రుగ్మతే కారణమని వైద్యులు వెల్లడించడంతో దేశవ్యాప్తంగా దీనిపై చర్చ జరిగింది.

ఈ రుగ్మతకు ప్రధాన చికిత్స సీప్యాప్ యంత్రం. నిరంతరాయంగా స్వల్ప పీడనంతో గాలిని పంపి, శ్వాసమార్గం మూసుకుపోకుండా అది కాపాడుతుంది. ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ 1981లో ఐదుగురు రోగులపై సాధించిన ఫలితాలతో ఈ పద్ధతిని వైద్యలోకానికి పరిచయం చేశారు. తొలినాళ్లలో రోగి ముక్కు అచ్చు తీసి మాస్కు తయారుచేసి, రాత్రివేళ జిగురుతో అతికించేవారు. నేడు మెత్తని సిలికాన్ మాస్కులు లభిస్తున్నా, చికిత్సను మధ్యలో మానుకునేవారికి ప్రధాన అవరోధాల్లో మాస్కు అసౌకర్యం ఒకటి.

మాస్కులు ముఖ్యంగా మూడు రకాలు. నాసికా రంధ్రాల వద్ద మాత్రమే అమరేది ఒకటి, ముక్కును కప్పేది మరొకటి, ముక్కునూ నోటినీ కలిపి కప్పేది మూడవది. సాధారణంగా ముక్కు మాస్కుతో ప్రారంభించడమే మేలని నిద్ర వైద్య నిపుణుల సూచన. పెద్ద మాస్కు ముఖంపై ఎక్కువ భాగాన్ని ఆక్రమిస్తుంది కనుక గాలి బయటికి పోయే అవకాశాలూ ఎక్కువే. నోటితోనే శ్వాసించేవారికి అది అవసరం కావచ్చు. ముక్కుదిబ్బడే అందుకు కారణమైతే ముందుగా దానికి చికిత్స పొందడం ఉత్తమం.

మాస్కు నుంచి వెలువడే గాలి అంతా లోపం కాదు. వదిలిన ఊపిరి బయటికి పోయేందుకు మాస్కులోనే చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటిని ఎన్నడూ మూయరాదు. అంచుల నుంచి, ముఖ్యంగా కళ్లవైపు గాలి వీస్తుంటే మాత్రం సరిచేయాలి. లేకుంటే కళ్లు పొడిబారి, గొంతు ఎండి, నిద్ర చెదురుతుంది. చికిత్సకు కావలసిన పీడనమూ అందదు.

గాలి పోతోందనగానే పట్టీలను బిగించడం సాధారణంగా జరిగే పొరపాటు. అతిగా బిగిస్తే మెత్తని అంచు నలిగి గాలి మరింతగా పోతుంది. ముక్కు దూలంపై పుండ్లు పడతాయి. మాస్కును కూర్చుని కాక, నిత్యం నిద్రించే భంగిమలో పడుకుని, యంత్రాన్ని నడిపిస్తూ అమర్చుకోవాలి. ముందుగా పట్టీలను వదులు చేసి, మాస్కును కొద్దిగా ముందుకు లాగి వదిలితే అంచు గాలితో నిండి ముఖంపై సరిగా కూర్చుంటుంది. ఆ తరువాత రెండు వైపులా సమానంగా, కొద్దికొద్దిగా బిగించాలి. పక్కకు ఒత్తిగిలినప్పుడు దిండు మాస్కును నెట్టకుండా, గొట్టం లాగకుండా చూసుకోవాలి.

ముఖానికి నూనె, క్రీము ఉంటే మాస్కు జారుతుంది. పడుకునే ముందు ముఖం కడుక్కోవాలి. గుబురు మీసం, గడ్డం ఉన్నవారికి నాసికా రంధ్రాల వద్ద అమరే మాస్కు అనుకూలం కావచ్చు. ముక్కుపుడక మాస్కు అంచుకు అడ్డుపడుతుంటే రాత్రికి తీసి ఉంచడం మంచిది. అంచును రోజూ గోరువెచ్చని నీటితో, గాఢత లేని సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టాలి. అది గట్టిపడినా, సాగినా మార్చక తప్పదు.

కొన్ని మాస్కుల పట్టీలకు అయస్కాంతపు బిళ్లలు ఉంటాయి. పేస్‌మేకర్ వంటి పరికరాలు అమర్చుకున్నవారికి వీటితో ముప్పు ఉండవచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2022లో హెచ్చరించింది. అటువంటివారు, వారి పక్కన నిద్రించే కుటుంబ సభ్యులు వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

కొనుగోలుకు ముందే రెండు మూడు పరిమాణాలను, సూచించిన పీడనం వద్ద పడుకుని పరీక్షించుకోవడం, తిరిగి మార్చుకునే వీలుందో లేదో అడగడం శ్రేయస్కరం. నేటి యంత్రాలు అనేకం ప్రతి రాత్రి ఎన్ని గంటలు వాడిందీ, ఎంత గాలి వృథా అయిందీ నమోదు చేస్తాయి. అసౌకర్యంగా ఉందని యంత్రాన్ని అటకెక్కించే ముందు ఆ వివరాలను వైద్యునికి చూపించాలి. అనేక సందర్భాల్లో మాస్కు రకాన్నో, పరిమాణాన్నో మార్చడంతోనే సమస్య తీరుతుంది.