గాలిని బట్టి తాడు – తాడును బట్టి గెలుపు
హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పందేలు

మల్లాపూర్: కోత మిషన్లు రాకముందు కల్లంలో వడ్లు తూర్పార పట్టిన రైతుకు గాలి సంగతి ఒకరు చెప్పనక్కర లేదు. గాలి మందంగా ఉంటే చాటను పైకెత్తి పోసేవాడు. గాలి జోరందుకుంటే కిందికి దించి కొద్దికొద్దిగా వదిలేవాడు. లేకుంటే పొల్లుతో పాటు గింజా ఎగిరిపోయేది. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ మీద తెరచాప పడవలు నడిపే పిల్లలు నేర్చుకునేదీ దాదాపు ఈ విద్యే.

ఏటా జూలై ప్రాంతంలో, వానకాలపు పడమటి గాలి వీచే రోజుల్లో అక్కడ పందేలు జరుగుతాయి. ఈ పడవలకు ఇంజను ఉండదు. పందెంలో తెడ్డు వేయడానికీ వీలు లేదు. గాలి ఒక్కటే ఆధారం. అందరికీ అదే గాలి, అందరికీ ఒకే కొలతల పడవ. మరి ఒకరు ముందుండడానికి, ఇంకొకరు వెనకబడడానికి కారణమేమిటి? దారి ఎంచుకునే నేర్పు ఒకటైతే, కొయ్యను, చాపను గాలికి తగినట్లు సరిచేసుకునే నేర్పు రెండోది.

15 ఏండ్ల వరకు పిల్లలు నడిపే పడవను ఆప్టిమిస్ట్ అంటారు. అమెరికాలోని ఫ్లోరిడాలో 1947లో క్లార్క్ మిల్స్ అనే ఆయన దీన్ని రూపొందించాడు. పొడవు సుమారు 2.3 మీటర్లు. పడవ బరువు 35 కిలోలు, అంటే సిమెంటు బస్తా కంటే తక్కువ. అందులో ఒక్కరే కూర్చుంటారు. వారే చుక్కాని పట్టాలి, వారే తాడు లాగాలి.

ఇక్కడ ఒక లెక్క తెలుసుకోవాలి. గాలి వేగం రెట్టింపైతే చాప మీద పడే ఒత్తిడి రెట్టింపుతో ఆగదు, నాలుగింతలవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలవుతుంది. అందుకే పొద్దున కట్టిన కట్టు మధ్యాహ్నం గాలికి పనికిరాదు. సరిచేసుకోకుంటే పడవ పక్కకు ఒరుగుతుంది, ఒక్కోసారి బోర్లా పడుతుంది. పందేలలో లైఫ్ జాకెట్ వేసుకునే నీళ్ళమీదికి వెళ్తారు.

మొదట చూసేది కొయ్య వాలు. కొయ్య కొన నుంచి పడవ వెనక చెక్క దాకా టేపుతో కొలుస్తారు. ఆప్టిమిస్ట్‌కు ఇది 280 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. కొయ్య మరీ వెనక్కు వాలితే పడవ ముక్కు గాలికేసి తిరుగుతుంటుంది. దాన్ని ఆపడానికి చుక్కానిని గట్టిగా గుంజి పట్టాలి. చేయి నొస్తుంది, వేగం తగ్గుతుంది. అప్పుడు కొయ్యను కొద్దిగా ముందుకు జరపాలి.

తర్వాత చాపను కొయ్యకు కట్టే చిన్న తాళ్ళు. చాపకు, కొయ్యకు మధ్య సందు 10 మిల్లీమీటర్లు దాటరాదని నిబంధన. ఆ కాస్త సందులోనే చాప వంపు పెంచడం, తగ్గించడం ఉంటుంది.

మూడోది చాప పై మూలను ఎత్తిపట్టే ఏటవాలు కర్ర. దీని బిగింపు చాప మీది ముడతలే చెబుతాయి. పై మూల నుంచి కొయ్య అడుగు వైపు ముడత పడితే కర్ర ఎక్కువ బిగిసిందని అర్థం, సడలించాలి. కొయ్య కొన నుంచి చాప వెనక కింది మూలకు ముడత పడితే బిగింపు చాలలేదన్న మాట. గాలి పెరిగినప్పుడు ఈ రెండో ముడతే కనిపిస్తుంది.

మధ్యరకం గాలిలో చాప నిండుగా, వంపుతో ఉండాలి. జోరుగాలిలో కింది అంచును బిగలాగి చాపను పలచగా చేయాలి, నడిపేవారు పడవ బయటికి వాలి బరువు వేయాలి. బొత్తిగా గాలి లేనప్పుడూ వంపు ఎక్కువ పనికిరాదు. నీరసపు గాలి లోతైన వంపు వెంట తిరగలేక విడిపోతుంది. అప్పుడు ముందుకు జరిగి కదలకుండా కూర్చోవాలి.

హుస్సేన్ సాగర్‌లో మరో చిక్కు ఉంది. చుట్టూ లేచిన భవనాల వల్ల గాలి ఒక్క తీరుగా రాదు, నిమిషంలో దిక్కు మారుతుంది. పందెం మొదలయ్యాక గట్టు మీది నుంచి గురువు గానీ, తల్లిదండ్రులు గానీ సలహా చెప్పరాదు. బయటి సాయం నిబంధనలకు విరుద్ధం. పదేండ్ల పిల్లయినా సరే, నీళ్ళ మీది నల్లని అలల జాడ చూసి గాలి వస్తున్నదని తానే పసిగట్టాలి, తాడు తానే సడలించాలి.

ఈ ఆట డబ్బున్నవారిదన్న మాట చాలాకాలం ఉండేది. సుహేమ్ షేక్ స్థాపించిన హైదరాబాద్ యాట్ క్లబ్ పేదింటి పిల్లలకు శిక్షణ ఇస్తూ ఆ మాట మార్చింది. ఆ క్లబ్‌లో నేర్చుకున్న కొంగర ప్రీతి, 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడల్లో సుధాంశు శేఖర్‌తో కలిసి 470 తరగతి పడవలో భారత్ తరఫున పోటీ చేయడం చెప్పుకోదగ్గ విషయం. ఇద్దరు నడిపే ఆ పడవ పొడవు 4.7 మీటర్లు. దానిలో సరిచేసుకోవాల్సిన తాళ్ళు ఆప్టిమిస్ట్‌లో కంటే ఎన్నో ఎక్కువ.

గోదావరికి దగ్గరలో ఉన్న మల్లాపూర్ పిల్లలకు నీళ్ళు కొత్త కాదు, గాలీ కొత్త కాదు. తెలియనిది తాళ్ళ లెక్క మాత్రమే. ఈత వచ్చి, నేర్పేవారుంటే అదీ నేర్చుకోగలిగిందే.