రెండేళ్లు దాచుకున్న పగ: అబ్షాలోము, అమ్నోను

ఈరోజు 2 సమూయేలు 13వ అధ్యాయం చూద్దాం. దావీదు పెద్ద కొడుకు అమ్నోను జబ్బు చేసినట్టు నటించి, సవతి చెల్లెలు తామారును పంపమని తండ్రినే అడిగాడు. వచ్చిన ఆమెను బలాత్కరించి బయటికి గెంటించాడు. దావీదుకి చాలా కోపం వచ్చింది, కానీ కొడుకుని శిక్షించలేదు.

తామారు సొంత అన్న అబ్షాలోము మాత్రం అమ్నోనుతో మంచీ చెడూ ఏదీ మాట్లాడలేదు. రెండేళ్లు ఆగాడు. గొర్రెల బొచ్చు కత్తిరించే పండక్కి అమ్నోనును పంపమని అతనూ తండ్రినే అడిగాడు. దావీదు ముందు సందేహించినా, బతిమాలితే ఒప్పుకున్నాడు. విందులో అమ్నోను తాగి ఉండగా తన పనివాళ్లతో చంపించాడు.

గమనించారా? రెండు మోసాలూ దావీదు చేతుల మీదుగానే జరిగాయి. నాకు అర్థమైంది ఒకటే: ఇంటి పెద్ద న్యాయం చేయకపోతే గొడవ ఆగదు, లోపలే ముదురుతుంది. మరి తామారు? అన్న ఇంట్లో ఒంటరిగా మిగిలిపోయింది. నీకేం కావాలమ్మా అని ఆమెను ఎవరైనా అడిగినట్టు ఈ అధ్యాయంలో ఎక్కడా లేదు.