బిడ్డతో చిన్న అబద్ధము

“ఏమీ నొప్పి ఉండదు నాయనా, చీమ కుట్టినట్టుంటుంది, అంతే!” టీకా వేయించుటకు బిడ్డను తీసికొనివచ్చిన తల్లి ఈ మాట ప్రేమతోనే చెప్పును. కాని సూది గుచ్చిన మరుక్షణమే బిడ్డకు నిజము తెలియును. మరల టీకాకు పిలిచినప్పుడు ఆ బిడ్డ తల్లి మాట నమ్మదు.

మన దేశమున సార్వత్రిక టీకా కార్యక్రమము 1985లో ఆరంభమైనది. నేడు దాని ప్రకారము పుట్టిననాటినుండి 16వ ఏటివరకు పలుమార్లు టీకాలు వేయింపవలెను. ఒక్క అబద్ధముతో ఇన్ని పర్యాయములు గడచునా?

“అల్లరి చేస్తే డాక్టరుగారు సూది వేస్తారు” అని బెదరించుట మరియొక పొరపాటు. అట్టి బిడ్డ వైద్యుని బూచిగా తలచి, బాధ కలిగినను దాచుకొనును.

అన్నిటికంటె అపాయకరమైనది, మందును పిప్పరమెంటు అని చెప్పి మ్రింగించుట. ఆ మాట నమ్మిన బిడ్డ, పెద్దలు చూడనప్పుడు సీసా విప్పి గుప్పెడు మాత్రలు మ్రింగవచ్చును. పెద్దలు వాడు ఇనుము మాత్రలు అట్లు మ్రింగినచో ప్రాణమునకే ముప్పు. మందును మందు అనియే చెప్పుడు; బిడ్డకు అందనిచోట దాచుడు.

“కొంచెం నొప్పి పుట్టవచ్చు, నేను నీ పక్కనే ఉంటాను” అని చెప్పిన చాలును. చంటిబిడ్డకు టీకా వేయు సమయమున చనుబాలిచ్చినచో బాధ తగ్గును. ఎదిగిన బిడ్డను ఒడిలో నిటారుగా కూర్చుండబెట్టుకొని కథ చెప్పుడు. ఏడ్చినచో మందలింపకుడు. నొప్పి కొంతసేపటికి పోవును. మీ మాటపై నమ్మకము నిలుచును.