అక్కకు గుండెల్లో మంట ఎందుకు?

కాన్పుకు నర్సీపట్నం పుట్టింటికి వచ్చిన అక్క, రాత్రి అన్నం తిని నడుం వాల్చగానే ‘గుండెల్లో మంట’ అంటూ లేచి కూర్చుంటుంది. ఎందుకు?

మంట గుండెది కాదు, అన్నవాహికది. పొట్టలోని ఆమ్లం పైకి రాకుండా అన్నవాహిక అడుగున ఒక కండరం మూతలా బిగుసుకుని ఉంటుంది. గర్భిణుల్లో పెరిగే ప్రొజెస్టిరాన్ హార్మోన్ దాన్ని వదులు చేస్తుంది. పెరిగే గర్భసంచి పొట్టను కింది నుంచి నొక్కుతుంది. దాంతో ఆమ్లం పైకి ఎగదన్నుతుంది.

తగ్గేదెలా? కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి. మంట పెంచే కారాలు, వేపుళ్లు తగ్గించాలి. తిన్న 2–3 గంటలకు, తల ఎత్తులో ఉంచి, ఎడమవైపు తిరిగి పడుకోవాలి. వంటసోడా వద్దు, డాక్టరు చెప్పిన మందే వేసుకోవాలి. పైపొట్టలో తీవ్రమైన నొప్పి, విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం.. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఈ రాత్రి అక్కకు ఇంకో దిండు మీరే తెచ్చివ్వండి.