సత్యనారాయణల అర, వెంకటేశ్వరరావుల అర

భగవద్గీతతో ఇద్దరు వెంకటేశ్వరరావులు తలపడ్డారు. ఇద్దరి మూలాలూ గుడివాడ చుట్టుపక్కల పల్లెల్లోనే. ఒకరు 1922లో చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల. ఆయన పాడిన గీత రికార్డు 1974లో, ఆయన కన్నుమూశాక బయటికొచ్చింది. మనిషి పోయిన ఇంట ఆ గొంతు వినిపించడం తెలుగునాట ఆచారమంత బలంగా నాటుకుపోయింది. రెండో ఆయన నార్ల. 1908లో జబల్‌పూర్‌లో పుట్టినా సొంతూరు కౌతవరం. ఆ గీతనే అడుగడుగునా నిలదీస్తూ ఇంగ్లీషులో 'ది ట్రూత్ అబౌట్ ద గీత' రాశారు. అదీ 1985లో ఆయన పోయాకే అచ్చయింది.

ఒకే సీమ, ఒకే పేరు, ఒకే గ్రంథం. ఒకరు దానికి గొంతునిచ్చారు, ఇంకొకరు దానితో వాదానికి దిగారు. ఇద్దరి మీదా పుస్తకాలున్నాయి. కానీ ఆ పుస్తకాలు పక్కపక్కన కనిపించవు. ఘంటసాల సినిమా, సంగీతం అరలో ఉంటారు. నార్ల పత్రికా రచన దగ్గరో, హేతువాదం దగ్గరో ఉంటారు. ఒకరి అభిమాని చెయ్యి రెండో అర దాకా పోదు.

అందుకే ఈ వారం పుస్తకాలను ఇంకో రకంగా సర్ది చూద్దాం. ఇంటిపేరుతో కాదు, రంగంతో కాదు. అమ్మానాన్నలు పెట్టిన పేరుతో.

పేరు ఎవరి సొత్తూ కాదు

మన జీవిత చరిత్రల్లో చాలా భాగం ఎవరి మనిషి గురించి వాళ్లు వేసుకున్నవే. శతజయంతి సంచిక ఒక సంఘం వేస్తుంది, సన్మాన సంచిక శిష్యులు తెస్తారు, కామ్రేడ్ జ్ఞాపకాలు పార్టీ ప్రచురణాలయం అచ్చేస్తుంది. తారల కథ సినిమా పాత్రికేయుడు రాస్తాడు. వేసినవాళ్లే కొంటారు, వాళ్లే చదువుతారు. ఇంటిపేరు చూడగానే కులం వెతికే అలవాటు మన దగ్గర ఎంత ముదిరిందో విడమరచి చెప్పనక్కర్లేదు. పెట్టిన పేరుకు ఆ జబ్బు లేదు. అన్నవరం దేవుడి వ్రతం చేసుకోని కులం డెల్టాలో ఏది? పీటల మీద కూర్చున్న ప్రతి ఇంటా ఒక సత్యనారాయణ పుట్టాడు. తిరుపతికో చినతిరుపతికో మొక్కుకున్న ఇంట వెంకటేశ్వరరావు పుట్టాడు. సంతానం కోసం మోపిదేవి పుట్టలో పాలు పోసి వచ్చిన తల్లులు నాగేశ్వరరావులనీ నాగమణులనీ ఎత్తుకున్నారు. తాత పేరు మనవడికి పెట్టడంతో ఆ పేర్లు తరం తర్వాత తరం తిరిగొస్తూనే ఉన్నాయి.

ఊరంతా ఒకే పేరైతే మనిషిని గుర్తుపట్టేదెలా? ఇంటిపేరే దిక్కు. ఘంటసాల అనేది ఈ డెల్టాలోనే బౌద్ధ స్తూపమున్న ఒక పాత ఊరు. అది ఇంటిపేరై, చివరికి ఒక గొంతుకు పేరైంది. ఇంటిపేరు చాలకపోతే జనమే కొత్త గుర్తు తగిలించేవారు. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యను వజ్రాల పరిశోధన చేశాడని డైమండ్ వెంకయ్య అన్నారు, పత్తి వంగడాల మీద పనిచేశాడని పత్తి వెంకయ్య అన్నారు, జపనీస్ నేర్చాడని జపాన్ వెంకయ్య అన్నారు.

ఆయన 1916లో జాతీయ జెండా ఎలా ఉండాలో నమూనాలతో ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం వేశారు. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు గాంధీజీ చేతికి జెండా అందించారు. అదే ఏడు మద్రాసులో ఇంకో వెంకయ్య, బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య, కొడుకు ప్రకాశ్‌తో కలిసి 'భీష్మ ప్రతిజ్ఞ' మూకీ తీశారు. తెలుగువాళ్ల సినిమా అక్కడ మొదలైంది. జెండా కథలో సినిమా ఉండదు, సినిమా చరిత్రలో జెండా ఉండదు. వెంకయ్యల అరలో రెండూ ఒకే సంవత్సరం దగ్గర కలుస్తాయి. బందరు ప్రాంతం ఆనాడు ఎంత కొత్తదనాన్ని కడుపులో పెట్టుకుందో ఆ ఒక్క ఏడాది చెబుతుంది.

ముగ్గురు సత్యనారాయణలు

అన్నిటికన్నా నిండైన అర ఇదే. విశ్వనాథ 1895లో నందమూరులో పుట్టారు. బందరు హిందూ హైస్కూల్లో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రికి శిష్యుడు. తర్వాత బెజవాడ ఎస్సారార్ కాలేజీలో పాఠాలు చెప్పారు, మారుతీనగర్‌లో స్థిరపడ్డారు. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీకి ఆయన ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాసిపెట్టిన నవల 'వేయిపడగలు'. బహుమతిని అడివి బాపిరాజు 'నారాయణరావు'తో పంచుకుంది. ఇంగ్లీషు చదువుల కింద, కొత్త పాలన కింద సుబ్బన్నపేట అనే ఊరు తన ధర్మాన్ని పోగొట్టుకోవడం అందులో కథ. ఆ దృష్టితో గొడవపడేవాళ్లు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. నాకూ కొన్ని చోట్ల పేచీ ఉంది. అయినా డెల్టా పల్లెను అంత లోతుగా, అంత బాధతో చూసిన నవల ఇంకొకటి చూపించమంటే నేను చూపించలేను. 'రామాయణ కల్పవృక్షం'తో 1970 సంవత్సరపు జ్ఞానపీఠం తెలుగుకు మొదటిసారి తెచ్చిందీ ఆయనే. ఆయన మీద సిద్ధాంత గ్రంథాలకూ వ్యాస సంపుటాలకూ లోటు లేదు.

లోటంతా ఆయన పక్కన ఉండాల్సిన మోటూరి సత్యనారాయణ దగ్గరే. 1902లో కృష్ణా జిల్లా దొండపాడులో పుట్టిన ఈ మనిషి దక్షిణ భారత హిందీ ప్రచార సభను మద్రాసులో నడిపించిన ముఖ్యుల్లో ఒకరు. రాజ్యాంగ సభ సభ్యుడు. ఆగ్రాలోని కేంద్రీయ హిందీ సంస్థాన్ పుట్టుక వెనక ఆయన ఉన్నారు. హిందీ కవిత్వం చదువుకోవడానికే కాదు, ఆఫీసులో, బ్యాంకులో, వ్యాపారంలో పనికొచ్చేలా నేర్పాలని 'ప్రయోజన మూలక హిందీ' ఆలోచన ముందుకు తెచ్చారు. విదేశాల్లో హిందీకి సేవ చేసిన భారత సంతతి పండితులకు ఆ సంస్థాన్ ఇచ్చే పురస్కారం ఆయన పేరు మీదే ఉంది. ఇంత హిందీ చేసిన మనిషే తెలుగు భాషా సమితి ద్వారా తెలుగులో విజ్ఞాన సర్వస్వం సంపుటాలు తెప్పించారు. పరభాషను మోస్తూ తన భాషను మరవకపోవడం ఎలాగో, ఇప్పటి భాషా గొడవల మధ్య ఆయన జీవితం చదివితే తెలుస్తుంది. ఆగ్రాలో గౌరవం దొరికిన మనిషి బెజవాడ పుస్తకాల షాపుల్లో దొరకాలి. మంచి తెలుగు జీవిత చరిత్ర ఒకటి, ఈ తరం కుర్రాళ్లు చదివేలా, ఎవరైనా రాయాలి.

విశ్వనాథనూ మోటూరినీ పక్కపక్కన పెడితే మధ్యలో మూడో మనిషి పుస్తకం వచ్చి కూర్చుంటుంది. 'వేయిపడగలు'ను 'సహస్రఫణ్'గా హిందీలోకి తెచ్చిన పి.వి. నరసింహారావుది. ఒక సత్యనారాయణ రాసిన తెలుగు, ఇంకో సత్యనారాయణ జీవితమంతా ప్రచారం చేసిన భాషలోకి అలా వెళ్లింది.

మూడో సత్యనారాయణ కైకాల. 1935లో కౌతవరంలో పుట్టారు. నార్లవారి ఊరే. దుర్యోధనుడు, యముడు అనగానే ఆ గొంతు, ఆ మీసం కళ్ల ముందుకొస్తాయి. 1996లో బందరు నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఆయన డిగ్రీ చదివిన గుడివాడ కాలేజీ ఇప్పుడు అక్కినేని నాగేశ్వరరావు పేరుతో ఉంది.

దాంతో నాగేశ్వరరావుల అర తెరుచుకుంటుంది. ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని బొంబాయిలో అమృతాంజనం అమ్మారు. ఆ డబ్బుతో ఆంధ్రపత్రిక, భారతి, ఆంధ్ర గ్రంథమాల నడిపారు. రామాపురం కుర్రాడు అక్కినేనికి పెద్ద చదువు లేదు. అయినా 'నేను చూసిన అమెరికా' రాశారు, 'అ ఆలు' పేరుతో తన ఆలోచనలు అచ్చేశారు, గుడివాడ కాలేజీకి విరాళమిచ్చారు. సంపాదించింది అచ్చులోకీ చదువులోకీ మళ్లించాలన్న పట్టుదల ఇద్దరిదీ.

బెజవాడ చేయగల పని

ఇలాంటి అర పెట్టడానికి బెజవాడ కన్నా తగిన ఊరు లేదు. 1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఇక్కడే. అయ్యంకి వెంకట రమణయ్య ఉద్యమం నడిపింది ఇక్కడి నుంచే. రామమోహన గ్రంథాలయం ఉంది, సర్వోత్తమ గ్రంథాలయం ఉంది, ఏలూరు రోడ్డు ప్రచురణకర్తలున్నారు, ఏటా జనవరిలో పుస్తక మహోత్సవం ఉంది. ఒక స్టాల్‌లో ఒక్క బల్ల చాలు. ఒక ఏడు సత్యనారాయణలు, మరుసటి ఏడు వెంకటేశ్వరరావులు. నార్ల 'సీత జోస్యం' కొనడానికి వచ్చినవాళ్లు ఘంటసాల జీవిత చరిత్ర తిరగేస్తారు. అంతమాత్రం కలయిక కూడా ఇప్పుడు లేదు.

ఈ అరల్లో ఆడవాళ్లు లేరన్నది నన్ను బాధిస్తున్న సంగతి. లక్ష్ములూ దుర్గలూ డెల్టాలో ఇంటికొకరున్నారు, పుస్తకాలు మాత్రం వాళ్ల పేర్ల మీద లేవు. సరస్వతి పేరు తీసుకుంటే పటమటలో నాస్తిక కేంద్రం నడిపిన సరస్వతీ గోరా కనిపిస్తారు. ఆమె ఆత్మకథకు పేరు 'గోరాతో నా జీవితం'.

ఆ ఇంటిలోనే ఈ సర్దుబాటుకు లొంగని పుస్తకాలున్నాయి. గోపరాజు రామచంద్రరావు తన ఇంటిపేరూ పేరూ కుదించి గోరా అయ్యారు. పిల్లలకు దేవుళ్ల పేర్లు పెట్టనన్నారు. 1930లో, ఉప్పు సత్యాగ్రహం ఏట పుట్టిన కొడుక్కి లవణం అని పెట్టారు. ఇంకో కొడుక్కి యుద్ధం అనే అర్థంలో సమరం అని పెట్టారు. తొమ్మిదో సంతానానికి నౌ అని పెట్టారు. లవణం సంఘ సంస్కర్తగా దేశమంతా తిరిగారు. సమరం డాక్టరై, ఎవరూ బయటికి అడగలేని సందేహాలకు పత్రికల్లో జవాబులు రాశారు. వాళ్ల పుస్తకాల పక్కన పెట్టడానికి ఇంకో లవణం, ఇంకో సమరం పుస్తకం మన దగ్గర లేదు.