కరవు నేలలో చదువుల లోగిలి

అనంతపురం జిల్లా గుమ్మఘట్ట మండలానికి భైరవానితిప్ప జలాశయం ఉంది. దానికి ఆధారం వేదవతి నది. కర్ణాటకలోని బాబాబుడన్ గిరులలో పుట్టి, ఈ ప్రాంతంలో హగరిగా పేరొందిన ఆ నదిపై ఎగువన హిరియూరు వద్ద వాణీవిలాస సాగరం 1907లో పూర్తయింది. ఆ సాగరం 1933లో నిండి పొర్లిన తరువాత మళ్లీ పొర్లింది 2022లోనే! ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాననే నమ్మి చెనిక్కాయ విత్తే రైతుకు నదీజలం ఎంత దూరపు ఆశో గ్రహించవచ్చు.

పంట ఎండిన ఏట తల్లిదండ్రులు మూటాముల్లె సర్దుకొని బెంగళూరు దారి పడతారు. మరి పిల్లలు? వెంట తీసుకువెళితే బడి పోతుంది. ఊళ్లో వదిలితే అవ్వాతాతలే దిక్కు. ఆడపిల్ల అయితే పలక పక్కన పెట్టి తమ్ముళ్లకు తానే తల్లి అవుతుంది. ఇటువంటి సీమలో ఒక చిన్న కథోలిక ఉన్నత పాఠశాల, దానిని ఆనుకొని బాలురకు, బాలికలకు వేర్వేరు వసతిగృహాలు ఉంటే, వాన రాకపోయినా చదువు ఆగదు.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. సాందీపని ఆశ్రమంలో కృష్ణుడు, కుచేలుడు కలిసి కట్టెలు ఏరుకొచ్చిన కథ ఎరుగనివారెవరు? ఒకే పంక్తిలో రాగిసంగటి, ఊరిబిండి తినే పిల్లల మధ్య కూడా కులం, కలిమి అంతగా నిలవవు.

రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న విద్యపై ప్రకటన వెలువరించింది. పేదలను, కుటుంబ ఆప్యాయతకు దూరమైనవారిని, క్రైస్తవ విశ్వాసం లేనివారిని ప్రత్యేకంగా ఆదరించాలని అది కథోలిక పాఠశాలలను కోరింది. వలస కుటుంబపు బిడ్డలో తరచుగా ఈ ముగ్గురూ ఒక్కరిగానే కనిపిస్తారు. ఇక ప్రార్థన మాట. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే విద్యాసంస్థలో మైనరు బాలలను సంరక్షకుల సమ్మతి లేనిదే మతబోధనకు, ఆరాధనకు హాజరు కమ్మనరాదని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది. ఆకలిగొన్న ఇంటి సమ్మతిని ఎంత సున్నితంగా అడగాలో నిర్వాహకులు ఎరిగి ఉండాలి.

1969లో ఈ జిల్లాకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ మరో దారి చూపారు. అనంతరం జెస్యూట్ సభను వీడినా, 2009లో కన్నుమూసేవరకు ప్రజలకు ఆయన 'ఫాదరే'. ఆయన స్థాపించిన సంస్థ పల్లెల్లోనే అదనపు బోధన ఏర్పాటు చేసింది. ఇల్లు విడవకుండా చదవగలిగితే అంతకంటే కావలసినదేముంది? కానీ ఇంటికి తాళం పడిన ఏట ఆ బిడ్డకు పడక కూడా కావాలి.

పడక ఇవ్వడం సులువే. చీకటి పడగానే అమ్మను తలచుకొని ఏడ్చే పిల్లను ఓదార్చడమే కష్టం. ఇటలీలోని ట్యురిన్ నగరంలో వీధిబాలలను చేరదీసిన గురువు జాన్ బోస్కోకు తోడుగా, ఆయన తల్లి మార్గరీటా 1846లో పల్లె విడిచి వచ్చింది. ఆమెకు చదువు రాదు. ఒకసారి దిక్కులేని కుర్రాళ్లకు గడ్డి అటక మీద చోటిస్తే, తెల్లవారేసరికి దుప్పట్లతో సహా మాయమయ్యారు. అయినా 1847 మే నెలలో, వానలో తడిసి ఆకలితో తలుపు తట్టిన అనాథ బాలుణ్ణి ఆ తల్లి పొమ్మనలేదు. అన్నం పెట్టింది. వంటగదిలో ఇటుకలు పేర్చి, పైన పలకలు పరిచి పక్క అమర్చింది. ప్రార్థన చేయించి, పనిని గురించి, మంచి నడతను గురించి నాలుగు మాటలు చెప్పి నిద్రపుచ్చింది.

బోస్కో స్థాపించిన సలేషియన్ సభ వసతిగృహాలలో రాత్రి ప్రార్థన ముగిశాక పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పి పడుకోబెట్టే ఆచారం ఆ వంటగదిలోనే మొదలైందని చెబుతారు. ఆ పనికి పట్టేది రెండు మూడు నిమిషాలే.